తోలు బ్యాగుకు ఏ జిప్పు? పళ్ళ మెరుపు చూసి కొంటే వచ్చే చిక్కులు

క్లుప్తంగా: చేత్తో కుట్టిన తోలు బ్యాగు ఏళ్ళ తరబడి నిలుస్తుంది, దానికి వేసిన జిప్పు మాత్రం చాలాసార్లు ముందే మొరాయిస్తుంది. తోలులో పడిన సూది రంధ్రం పూడదు కాబట్టి జిప్పు మార్చడం బట్టలో మార్చినంత తేలిక కాదు. పళ్ళ రకం, నంబరు, రన్నరు (పళ్ళ మీద జరుగుతూ జిప్పును మూసే, తెరిచే ముక్క), మూల గుండ్రం, పొడవు అన్నీ తోలు కత్తిరించకముందే తేల్చుకోవాల్సినవి. వీటిలో అందరూ తక్కువగా పట్టించుకునేది రన్నరు, ముందుగా పాడయ్యేదీ సాధారణంగా అదే.

హైదరాబాద్‌లో ఇంట్లోనే చిన్న బల్ల వేసుకుని పర్సులు, బ్యాగులు కుట్టేవాళ్ళు తోలు కొనేటప్పుడు ఎంతో జాగ్రత్తగా ఉంటారు. మందం కొలుస్తారు, వంచి చూస్తారు, వెనక్కి తిప్పి గోటితో గీరి చూస్తారు. జిప్పు దగ్గరికొచ్చేసరికి "ఐదో నంబరు, గోల్డ్ కలర్, రెండు మీటర్లు" అన్న ఒక్క మాటతో పని అయిపోతుంది. బేగంబజార్‌లోగానీ, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోగానీ టైలరింగ్ సామాను అమ్మే షాపులో ఆ మాట అంటే కనీసం మూడు రకాలు కౌంటర్ మీదికి రావచ్చు. ఒకటి అసలు ఇత్తడి పళ్ళది, రెండోది బంగారు రంగు వేసిన అల్యూమినియంది, మూడోది ప్లాస్టిక్ తీగను స్ప్రింగులా చుట్టి, మెరుపు పూత పూసిన కాయిల్ది. మూడూ ఐదో నంబరే, దూరం నుంచి మూడూ ఒకేలా మెరుస్తాయి. బ్యాగు కొన్నాళ్ళు వాడాక గానీ తేడా బయటపడదు.

తోలులో జిప్పు మార్చడం ఎందుకు కష్టం

ప్యాంటు జిప్పు పాడైతే వీధి చివర టైలర్ పాత కుట్టు విప్పి, కొత్తది పెట్టి, మిషను మీద వేసి కాసేపట్లో ఇచ్చేస్తాడు. బట్ట దారాలతో నేసింది. సూది ఆ దారాల మధ్యలోంచి దూరుతుంది, కుట్టు విప్పాక దారాలు మళ్ళీ దగ్గరికి జరుగుతాయి. తోలు నేసింది కాదు, అందులో పీచు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటుంది. ఆరెతో పొడిచినా, కుట్టు రంధ్రాలు కొట్టే ఉలితో కొట్టినా ఆ చోట పీచు తెగుతుంది, మళ్ళీ అతుక్కోదు. కొత్త జిప్పు వేయాలంటే పాత రంధ్రాల్లోంచే, ఒక్కొక్కటీ వెతుక్కుంటూ, చేత్తో కుట్టాలి. అలా కాకుండా మిషను మీద వేస్తే పాతవాటి పక్కన కొత్త రంధ్రాలు పడి, ఆ అంచు తపాలా బిళ్ళలు విడదీసే గీతలా తయారవుతుంది. గట్టిగా లాగితే ఆ గీత వెంటే చిరుగుతుంది.

దీనికి తోడు చేతిపని వస్తువుల్లో జిప్పు పట్టీ (పళ్ళు పట్టుకుని ఉండే బట్ట) తోలుకూ లైనింగ్‌కూ మధ్య గమ్‌తో అంటుకుని ఉంటుంది, ఆ పైన అంచు రుద్ది రంగు వేసి ఉంటారు. దాన్ని బయటికి తీయాలంటే సగం బ్యాగు విప్పాలి. రిపేరుకు పట్టే శ్రమ ఒక్కోసారి కొత్తది కుట్టినంత అవుతుంది. జిప్పు ఆయుష్షు తోలు ఆయుష్షుకు సాటి రావాలని అనుభవం ఉన్న పనివాళ్ళు పట్టుబట్టేది ఇందుకే.

నిజానికి జిప్పు మొదట వాడకంలోకి వచ్చింది బట్టల్లో కాదు. 1893లో అమెరికాలో విట్‌కంబ్ జడ్సన్ పేటెంట్ తీసుకున్న కొక్కేల బిగింపు బూట్ల కోసం ఆలోచించినది. అది తరచూ ఊడిపోయేది. 1913లో గిడియన్ సండ్‌బాక్ కొక్కేలు తీసేసి, ఒకదానిలో ఒకటి కూర్చునే పళ్ళతో ఇప్పుడు మనం చూసే రూపానికి తెచ్చాడు. 1923లో గుడ్రిచ్ కంపెనీ తన రబ్బరు బూట్లకు పెట్టిన పేరే జిప్పర్. చాలా ఏళ్ళ పాటు దాన్ని ఎక్కువగా బూట్లకు, పొగాకు సంచులకు వాడారు.

నంబరు చెప్పేది వెడల్పు మాత్రమే

జిప్పు మూసినప్పుడు రెండు వైపుల పళ్ళూ కలిసి ఎంత వెడల్పు ఉంటాయో, దాదాపుగా ఆ మిల్లీమీటర్ల లెక్కే నంబరు. మూడో నంబరు సన్నం, పర్సులకూ లోపలి జేబులకూ. ఐదో నంబరు మధ్యరకం, భుజానికి వేసుకునే బ్యాగులకూ పౌచ్‌లకూ. ఎనిమిది, పది నంబర్లు ట్రావెల్ బ్యాగులకు. అసలు కొలత కంపెనీని బట్టి కొద్దిగా మారుతుంది. ఐదో నంబరు అని రాసిన జిప్పు పళ్ళను కొలిస్తే 6 మి.మీ. వరకూ రావడం మామూలే.

చిక్కు వచ్చేది ఇక్కడే. నంబరు ఒకటే అయినంత మాత్రాన ఒక కంపెనీ రన్నరు ఇంకో కంపెనీ జిప్పు మీద సరిగ్గా నడుస్తుందని లేదు. ఒకే కంపెనీలో కూడా మెటల్ ఐదో నంబరు రన్నరు, కాయిల్ ఐదో నంబరు జిప్పుకు పనికిరాదు, లోపలి దారి ఆకారమే వేరు. మీటర్ల లెక్కన రోల్ జిప్పు ఒక షాపులో, విడి రన్నర్లు మరో షాపులో కొన్నవాళ్ళకు బిగుసుకుపోవడమో, నడుస్తూనే వెనక నుంచి విడిపోవడమో ఎదురయ్యేది ఎక్కువగా ఈ పొరపాటు వల్లే. రోల్, రన్నరు రెండూ ఒకే చోట, ఒకే కంపెనీవి తీసుకుని, అక్కడికక్కడే ఎక్కించి నడిపి చూస్తే ఈ సమస్య చాలావరకు తప్పుతుంది.

పళ్ళలో మూడు రకాలు

మెటల్ జిప్పులో ప్రతి పన్నూ విడి ముక్క. పట్టీ అంచున ఉన్న లావాటి దారాన్ని కరుచుకుని ఉంటుంది. పన్నుకు ఒక వైపు చిన్న బొడిపె, రెండో వైపు గుంట. కింది పన్ను బొడిపె పై పన్ను గుంటలో కూర్చుంటూ వరసగా బిగుసుకుంటాయి. బలం బాగా ఉంటుంది, తోలు పక్కన చూడ్డానికి నిండుగా ఉంటుంది. లోపం కూడా ఈ నిర్మాణంలోనే ఉంది. ఒక్క పన్ను ఊడినా, వంగినా వరస తెగుతుంది, అక్కడ జిప్పు తెరుచుకుంటుంది. పళ్ళ అంచులు నున్నగా లేకపోతే లైనింగ్‌ను కొరుకుతాయి, బ్యాగులో చెయ్యి పెట్టిన ప్రతిసారీ మణికట్టును గీరుతాయి. జపాన్‌లో 1934లో తదావో యోషిదా మొదలుపెట్టిన వైకేకే కంపెనీ ఎక్సెల్లా జిప్పులు, స్విట్జర్లాండ్ రిరి, ఇటలీ లాంపో జిప్పులు ఖరీదుగా ఉండటానికి ఒక కారణం పళ్ళను పాలిష్ చేసే తీరు. ఆ తేడా వేలితో రాసి చూస్తే తెలుస్తుంది.

కాయిల్ జిప్పులో పళ్ళు విడిగా ఉండవు. పాలిస్టర్ లేదా నైలాన్ తీగను స్ప్రింగులా చుట్టి పట్టీకి కుడతారు. మన బజార్లో బ్యాగుల సామాను అమ్మేవాళ్ళు దీన్ని సీఎఫ్‌సీ జిప్పు అంటారు. చౌకరకం సూట్‌కేసుల్లో కనిపిస్తుంది కాబట్టి చేతిపని చేసేవాళ్ళలో దీనిమీద చిన్నచూపు ఉంది. ఆ చిన్నచూపు న్యాయమైంది కాదు. కాయిల్ ఎటు తిప్పితే అటు వంగుతుంది, తుప్పు పట్టదు, బరువుండదు. మధ్యలో ఎక్కడైనా విచ్చుకుంటే రన్నరును వెనక్కి లాగి మళ్ళీ ముందుకు తెస్తే చాలా సందర్భాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. మెటల్ జిప్పుకు ఈ వెసులుబాటు లేదు. కాయిల్ వైపు లోపలికి పెట్టి, బట్ట వైపు పైకి వచ్చేలా కుడితే తోలుతో బాగా కలిసిపోతుంది కూడా.

మూడోది, ప్లాస్టిక్ పళ్ళను ఒక్కొక్కటిగా పట్టీ మీద పోతపోసిన రకం. జాకెట్లకు, ఆటల సంచులకు మంచిది. తోలు వస్తువుల మీద సాధారణంగా నప్పదు.

రన్నరు లోపల ఏం జరుగుతుంది

రన్నరును తలకిందులు చేసి వెలుతురులో చూస్తే లోపల దారి పంగలకర్రలా కనిపిస్తుంది. ఒక వైపు రెండు నోళ్ళు, మధ్యలో చీలిక లాంటి దిమ్మ, రెండో వైపు ఒక్క నోరు. మూసేటప్పుడు రెండు వరసల పళ్ళనూ ఒక కోణంలో దగ్గరికి తెచ్చి ఒకదానిలో ఒకటి కూర్చోబెడుతుంది. తెరిచేటప్పుడు ఆ దిమ్మే వాటిని విడదీస్తుంది. పళ్ళకు ఉన్న బలమంతా ఈ రన్నరు వాటిని సరైన కోణంలో, సరైన ఒత్తిడితో కలిపితేనే పనికొస్తుంది.

రన్నర్లలో ఎక్కువ భాగం జింక్ మిశ్రమంతో పోతపోసినవి. బ్యాగు నిండుగా సర్దేసి, జిప్పును బలవంతంగా లాగి మూసిన ప్రతిసారీ రన్నరు పై రేకుకూ కింది రేకుకూ మధ్య సందు వెంట్రుకవాసి పెరుగుతుంది. సందు పెరిగితే పళ్ళ మీద ఒత్తిడి తగ్గుతుంది. రన్నరు ముందుకు నడుస్తుంది గానీ వెనక జిప్పు తెరుచుకునే ఉంటుంది. చాలామంది దీన్ని "పళ్ళు అరిగిపోయాయి" అనుకుంటారు. పళ్ళు బాగానే ఉంటాయి, వదులైంది రన్నరు. ఫుట్‌పాత్ మీద బ్యాగులు బాగుచేసేవాళ్ళు పటకారుతో రన్నరు రెండు పక్కలా ఒక్క నొక్కు నొక్కి నడిపించేది అందుకే. అది కొన్నాళ్ళే పనిచేస్తుంది. జింక్ మిశ్రమం సాగే లోహం కాదు, రెండు మూడుసార్లు నొక్కితే పగలొచ్చు.

రన్నర్లలో లాక్ ఉన్నవి, లేనివి అని ఇంకో తేడా ఉంది. జీన్స్ ప్యాంటు రన్నరు లోపల చిన్న ములుకు ఉంటుంది. పుల్లర్ (చేత్తో పట్టుకుని లాగే నాలుక) వదిలేసినప్పుడు అది పళ్ళ మధ్య దిగి జిప్పు జారకుండా ఆపుతుంది. బ్యాగులకు ఈ ములుకు అక్కర్లేదు సరికదా ఇబ్బంది. బ్యాగు జిప్పును జనం రకరకాల కోణాల్లో లాగుతారు, ఒక్కోసారి పుల్లర్ పట్టుకోకుండా రెండు పక్కలా పట్టి విడదీస్తారు. ములుకు దిగి ఉండగా అలా లాగితే పళ్ళు గీసుకుపోతాయి. టైలరింగ్ షాపులో మామూలుగా ముందు చూపించేవి బట్టల జిప్పులు కాబట్టి "లాక్ లేనిది కావాలి" అని అడిగి తీసుకోవడం మంచిది. తాళం వేసుకునే ట్రావెల్ బ్యాగుకైతే ఎదురెదురుగా వచ్చి కలిసే రెండు రన్నర్లు కావాలి.

ఇత్తడి, తంగేడు, చిలుము

తోలును పదును చేసే (టానింగ్) పద్ధతి కూడా జిప్పు ఎంపికను మారుస్తుంది, దీని గురించి బజార్లో ఎవరూ చెప్పరు. క్రోమ్ లవణాలతో పదును చేసిన తోలు ఒక రకం, చెట్ల బెరడు, కాయల రసాలతో చేసింది ఇంకో రకం. దక్షిణాదిలో తంగేడు బెరడు, కరక్కాయ ఈ పనికి తరతరాలుగా వాడినవే. వీటిలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం తోలు పీచును పట్టి ఉంచుతుంది. అదే టానిన్‌కు ఇనుము తగిలితే నల్లబడుతుంది.

కలంకారీ పని చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. కరక్కాయ రసంలో నానబెట్టి ఆరేసిన బట్ట మీద ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో గీస్తే గీసినచోట నల్లటి గీత తేలుతుంది. అక్కడ కావాలని తెచ్చే నలుపే లేత రంగు తోలు బ్యాగు మీద వద్దనుకున్నా వస్తుంది. చౌక జిప్పుల్లో పుల్లర్ రింగు, చివర బిగించే క్లిప్పు లాంటివి ఒక్కోసారి ఇనుమువే, పైన పూత మాత్రమే ఉంటుంది. పూత అరిగాక వానలో తడిస్తే రింగు తగిలిన మేరకు తోలు మీద నల్లటి మచ్చ దిగుతుంది, తుడిస్తే పోదు. కొనేముందు చిన్న అయస్కాంతం ఆనిస్తే ఈ సంగతి క్షణంలో తేలిపోతుంది. ఇత్తడికీ, జింక్ మిశ్రమానికీ, అల్యూమినియానికీ అయస్కాంతం అంటుకోదు.

ఇత్తడితో వచ్చే సమస్య వేరు. తోలు మెత్తగా ఉండటానికి నూనెలు, కొవ్వులు పట్టిస్తారు. ఇత్తడిలోని రాగి ఆ కొవ్వులతో కలిసి ఆకుపచ్చ జిగురులా పేరుకుంటుంది. పూజ సామానుకు పట్టే చిలుమును చింతపండుతో తోముకోవచ్చు, తోలు పక్కన ఉన్న పళ్ళను అలా తోమలేం, పులుపు తోలుకు పడదు. పొడి గుడ్డతో, పాత టూత్‌బ్రష్‌తో తీయాల్సిందే. బీరువాలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిపెట్టిన బ్యాగులో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, తేమ బయటికి పోదు కాబట్టి. బట్ట సంచిలో పెడితే తగ్గుతుంది.

వాతావరణం లెక్క కూడా ఉంది. హైదరాబాద్ గాలి ఏడాదిలో చాలా నెలలు పొడిగానే ఉంటుంది, తేమ బెడద ముఖ్యంగా వానాకాలంలో. అదే బ్యాగు విశాఖలోనో, కాకినాడలోనో ఉండేవాళ్ళకు పంపితే సముద్రపు ఉప్పు గాలి తగులుతుంది. అల్యూమినియం పళ్ళ మీద తెల్లటి పొడి లేస్తుంది, పలచటి పూతలు త్వరగా లేచిపోతాయి. అలాంటి ఆర్డర్లకు కాయిల్ జిప్పు గానీ, పూత లేని ఇత్తడి గానీ నయం. నికెల్ రంగులో దొరికే జిప్పుల్లో రాగి, నికెల్, జింక్ కలిసిన లోహంతో చేసినవి బాగా మన్నుతాయి. నికెల్ పడని చర్మం ఉన్నవాళ్ళు ఉంటారు కాబట్టి చేతికి ఎక్కువగా తగిలే వస్తువుల విషయంలో ఆ సంగతి ముందే అడగాలి.

మూల తిరిగే చోట

మూడు వైపులా జిప్పు తిరిగే పొడవాటి పర్సు చేతిపనివాళ్ళు తరచూ చేసేదీ, తరచూ దెబ్బతినేదీ. 20 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు ఉన్న పర్సు తీసుకుందాం. ఒక వెడల్పు, ఒక పొడవు, మళ్ళీ ఒక వెడల్పు కలిపితే 40 సెం.మీ. అని చాలామంది అంతే కొలిచి కోస్తారు. మూలలు గుండ్రంగా కత్తిరించాక దారి తగ్గుతుందన్న సంగతి లెక్కలోకి రాదు. 10 రూపాయల నాణెం వ్యాసం 27 మి.మీ. దాన్ని మూలలో పెట్టి గీసి కత్తిరిస్తే ఒక్కో మూలలో దాదాపు 6 మి.మీ., రెండు మూలల్లో కలిపి 12 మి.మీ. దాకా దారి తగ్గుతుంది. అంటే కావలసింది 38.8 సెం.మీ. మిగిలిన సెంటీమీటరు పైచిలుకును సర్దుకుంటూ కుడితే జిప్పు మూలల దగ్గర అలలు అలలుగా లేస్తుంది, రన్నరు సరిగ్గా అక్కడే తడబడుతుంది.

నాణెం అంత గుండ్రానికి మూడో నంబరు జిప్పు తిరుగుతుంది. ఐదో నంబరు మెటల్ అయితే పళ్ళు విడివిడి ముక్కలు కాబట్టి ఆ మలుపులో లోపలి వైపు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, బయటి వైపు ఎడమవుతాయి. దానికి ఇంకా పెద్ద గుండ్రం కావాలి. పుస్తకాల్లో సూత్రాలు వెతికేకంటే అట్టముక్క మీద మూల గీసి కత్తిరించి, కొన్న జిప్పునే రెండు వైపులా టేపుతో అంటించి పదిసార్లు నడిపి చూడటం మేలు. అట్ట మీద ఆగిన రన్నరు తోలు మీదా ఆగుతుంది.

మలుపులో పట్టీ బట్ట మడతలు పడుతుంది. పట్టీ అంచుకు చిన్నచిన్న గాట్లు పెట్టుకుంటే అది సర్దుకుంటుంది. గాటు పళ్ళ దగ్గరి దారం దాకా పోకూడదు. గమ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. చెప్పుల పనిలో వాడే రబ్బరు గమ్ పళ్ళ వరసకు తగిలితే ఎండి గట్టిపడుతుంది, రన్నరుకు అడ్డం పడుతుంది. సన్నటి రెండువైపుల టేపు వాడితే ఆ భయం ఉండదు.

బ్యాగు నోటికి నేరుగా వేసే జిప్పుకు తోలులో వదిలే సందు కూడా ముఖ్యమే. చాలామంది పళ్ళ వెడల్పు చూసి సందు కోస్తారు. కొలవాల్సింది రన్నరు వెడల్పు, దానికి రెండు పక్కలా మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర కలుపుకోవాలి. సందు బిగుతుగా ఉంటే రన్నరు తోలు అంచును రాసుకుంటూ పోతుంది, అంచు రంగు పొట్టు లేస్తుంది. జిప్పు మొదట్లో, చివర్లో ఉండే క్లిప్పుల మీదే భారమంతా వదలకూడదు. కొసలను తోలు ముక్కలో మడిచి అడ్డంగా రెండు కుట్లు వేస్తే లాగుడు బలం ఆ తోలు మీదికి మారుతుంది.

ఏ వస్తువుకు ఏది

చిల్లర పర్సు, కార్డుల పౌచ్ లాంటి చిన్నవాటికి మూడో నంబరు చాలు. తోలు అంచును సగం మందానికి చెక్కి పలచన చేసుకుంటే జిప్పు దగ్గర ఎత్తుపల్లాలు రావు. మూలలు తిరిగే పర్సుకు మూడో నంబరు కాయిల్, లేదా పాలిష్ చేసిన మెటల్. ఆఫీసు బ్యాగుకు, రోజూ బస్సుల్లో, మెట్రోలో తోపులాట తట్టుకోవాల్సిన భుజం బ్యాగుకు ఐదో నంబరు మెటల్ నిండుగా ఉంటుంది. అందులోనే లోపలి అరలకు మూడో నంబరు కాయిల్ వేస్తే బరువు తగ్గుతుంది, కాగితాలు, బట్ట చిక్కుకోవు. ల్యాప్‌టాప్ కవర్‌కు మెటల్ పళ్ళు వద్దు, వస్తువు మీద గీతలు పడతాయి. మరీ వాడాలనుకుంటే పళ్ళకు లోపలి వైపు తోలు మడత అడ్డుపెట్టాలి. ట్రావెల్ బ్యాగుకు ఎనిమిదో నంబరు లేదా పదో నంబరు, రెండు రన్నర్లతో. జాకెట్‌కు కింద పూర్తిగా విడిపోయే రకం, లాక్ ఉన్న రన్నరుతో.

ధర దగ్గర చాలామంది వెనకాడతారు. పైన చెప్పిన పర్సుకు పట్టేది అర మీటరు కూడా లేదు. చౌక జిప్పుకూ మంచి జిప్పుకూ మీటరు ధరలో తేడా ఎక్కువగా కనిపించినా, ఒక్క వస్తువు మీద పడేది అందులో సగం లోపే. ఒక్క రిపేరుకు పోయే పూటతో పోలిస్తే అది చిన్న మొత్తం.

కౌంటర్ మీద చూసుకోవాల్సినవి

పేరున్న కంపెనీ అక్షరాలు రన్నరు మీద ఉన్నంత మాత్రాన అది అసలుదని నమ్మడానికి లేదు, నకిలీ ముద్రలు దొరుకుతూనే ఉంటాయి. చెయ్యి చెప్పేదే ఎక్కువ నమ్మకం. జిప్పును సగం మూసి, ఆ చోటును అడ్డంగా రెండు చేతులతో లాగితే పళ్ళ మధ్య వెలుతురు కనపడకూడదు. మూసిన జిప్పును విల్లులా వంచితే మధ్యలో విచ్చుకోకూడదు. రన్నరును ఒక్క వేలితో నెట్టినా మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరున నడవాలి, ఎక్కడైనా టక్కున ఆగితే ఆ ముక్క పక్కన పెట్టేయాలి. తెల్ల గుడ్డతో పళ్ళను రుద్దితే బూడిదరంగు మరక అంటితే అది లేత రంగు తోలుకు పనికిరాదు.

బిగుతుగా ఉన్న కొత్త జిప్పుకు కొబ్బరినూనె రాసే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉంది. నూనె పట్టీలోకి, అక్కణ్ణుంచి తోలులోకి పాకి మరక చేస్తుంది, మన రోడ్ల దుమ్ము దానికి అంటుకుని పళ్ళ మధ్య ముద్దగా పేరుకుంటుంది. కొవ్వొత్తి ముక్కను పళ్ళ మీద రెండుసార్లు గీసి రన్నరును అటూ ఇటూ నడిపితే సరిపోతుంది.

రోల్ కొన్నప్పుడే అదే కంపెనీ రన్నర్లు ప్రతి బ్యాగుకూ ఒకటి అదనంగా తీసుకుని, దాన్ని చిన్న కవర్లో పెట్టి బ్యాగు లోపలి జేబులో ఉంచి ఇచ్చే పనివాళ్ళు ఉన్నారు. ముందు అరిగేది రన్నరే కాబట్టి, కొన్నేళ్ళ తర్వాత ఆ బ్యాగు ఎవరి చేతికి రిపేరుకు వెళ్ళినా కొస దగ్గర నాలుగు కుట్లు విప్పి, పాతది తీసి, జేబులో ఉన్నది ఎక్కించి, మళ్ళీ ఆ నాలుగు రంధ్రాల్లోంచే కుట్టేయొచ్చు.